దీపము మిణుకుమన్నచో మేస్త్రీయా?

ఏటేట చేయించు ఆరోగ్యపరీక్షలలో ఈసీజీ కాగితముపై ‘ఫస్ట్ డిగ్రీ బ్లాక్’ అని యంత్రమే ముద్రించి యిచ్చుటయు, దానిని చదివిన గృహస్థుడు గుండెలో రక్తనాళమేదో పూడినదని నిశ్చయించుకొని ఆ సాయంకాలమే ఎకో గది ముందు కూర్చుండుటయు నేడు మన పట్టణములలో సాధారణమైనది. నిజమున కక్కడ పూడిన దేదియు లేదు. కర్ణికలనుండి జఠరికలకు పోవు విద్యుత్ప్రేరణ, 1906లో జపాను వైద్యుడు సునావో తవారా వివరించిన చిన్న కణుపు ప్రాంతమున కొంత తడసియు, ఒక్కటియైనను తప్పిపోక దిగువకు చేరుచునే యున్నది. ఈసీజీలో ఆ ప్రయాణకాలమును చూపు పీఆర్ వ్యవధి 200 మిల్లీసెకన్లు దాటినచో ఆ పేరు పెట్టుదురు. క్రీడాకారులలోను, బీటా బ్లాకర్లు, డిల్టియాజెమ్ వంటి మందులు వాడువారిలోను ఇది తరచు కానవచ్చును.

1953లో స్వీడను దేశపు లుండ్ నగరమున ఇంగె ఎడ్లర్, హెల్‌ముట్ హెర్ట్స్ అనువారు లోహపు పగుళ్లను వెదకెడి పరికరముతో గుండెను పరిశీలించిన నాటినుండియు ఎకో పరీక్ష చూపునది గోడలను, గదులను, కవాటములను, వాని కదలికలనే గాని, విద్యుత్తు ఎచ్చట తడసినదో కాదు. దీపము మిణుకుమన్నదని తాపీమేస్త్రీని పిలిపించినచో గోడ దిట్టముగా నున్నదని యాతడు చెప్పును, అది నిజమే. 2018 నాటి అమెరికా హృద్రోగ వైద్యసంఘముల మార్గదర్శకములు, ఏ బాధయు లేక, గుండె నిర్మాణమున లోపమున్నదను జాడయు లేక, ఈ స్వల్పావరోధము మాత్రమే కలవారికి అలవాటుగా ఎకో చేయుటవలన ప్రయోజనము లేదనియు, విద్యున్మార్గపు ఎడమ శాఖలో క్రొత్తగా అవరోధము కనబడినవారికిని పూర్ణావరోధము కలవారికిని తప్పక చేయవలెననియు విడదీసి చెప్పినవి.

అయినను ఆ సూత్రమును పట్టుకొని మన దేశమున అందరికిని ఎకోను నిరాకరించుటకు నా మనసొప్పదు. గొంతునొప్పి తగ్గిన రెండు మూడు వారములకు జ్వరము వచ్చి, ఒక కీలునుండి మరియొక కీలునకు వాపు మారుచున్న బాలునియందు, అదే పీఆర్ ఆలస్యము రుమాటిక్ జ్వరమునకు సాక్ష్యమగును. స్టెతస్కోపునకు వినరాని కవాటపు లీకును ఎకో పట్టగలదు గనుకనే, ఆ జ్వరమును నిర్ధారించుటకై 2015లో సవరింపబడిన జోన్స్ ప్రమాణములు అనుమానము కలిగిన ప్రతి రోగికిని దానిని విధించినవి. బృహద్ధమని కవాటమునకు సూక్ష్మజీవులు సోకి మంచముపట్టిన రోగికి నిన్న లేని ఆలస్యము నేడు కనబడెనా, కవాటపు మొదట చీముగడ్డ కట్టినదేమో ఆ పూటయే చూడవలెను. అన్నవాహికలోనికి గొట్టమును దింపి చేయు ఎకో అచ్చట మరింత స్పష్టముగా చూపును.

మిగిలినవారి విషయమున, చీటీ వ్రాయుటకు ముందు ఏ మందులు మ్రింగుచున్నారో, స్పృహ తప్పినదా, ఆయాసమున్నదా యని అడుగుటకును, పాత ఈసీజీతో పోల్చుటకును పట్టునది కొలది నిమిషములే. ఎకో నార్మల్ అన్న మాటతో ఇల్లు చేరినవాని ఆలస్యము అట్లే యుండును; దీర్ఘమైన పీఆర్ కలవారిలో తరువాతి యేండ్లలో ఏట్రియల్ ఫిబ్రిలేషనును, పేస్‌మేకరు అవసరమును హెచ్చుగా కనబడినవని అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పరిశోధకులు 2009లో ప్రకటించిరి. కనుక అట్టివానికి అప్పుడప్పుడు మరల తీయవలసినది ఈసీజీయే.

— నాడీమిత్ర