నంబరు చూసి నిద్రపోయాం

2024 జులై 8 తెల్లవారుజామున బెరిల్ తుపాను టెక్సాస్ తీరం దాటింది. ముందురోజు రాత్రి హ్యూస్టన్‌లో మా ఇంట్లో అందరం హాయిగా పడుకున్నాం. కరీబియన్‌లో అది కేటగిరీ 5గా ఉన్నన్నాళ్లూ ఎర్రక్షరాలతో ఊదరగొట్టిన చానెల్, కేటగిరీ 1 అనేసరికి చల్లబడింది. మేమూ చల్లబడ్డాం.

తెల్లారేసరికి కరెంటు లేదు. ఇరవై లక్షలకు పైగా కనెక్షన్లు పోయాయి. మాకు ఆరో రోజున వచ్చింది. ఆ ఉక్కకు ప్రాణాలు పోయినవాళ్లూ ఉన్నారు.

కేటగిరీ అంకె చెప్పేది గాలి వేగం ఒక్కటే. వాన, ఉప్పెన అందులో ఉండవు. 2017లో హార్వే ఈ ఊరిని ముంచింది తీరం దాటి బలహీనపడ్డాకే! కానీ తెరమీద పెద్దగా వేసుకోవడానికి అంకె బాగుంటుంది, వాన లెక్క బాగుండదు.

అతిగా భయపెట్టినా అంతే. 2005లో రీటా సమయానికి కత్రినా వచ్చి నెల కూడా కాలేదు. లక్షలమంది ఒక్కసారిగా రోడ్డెక్కారు. ఇక్కడ తుపాను తాకిడికన్నా ఆ ప్రయాణాల్లోనే ఎక్కువమంది పోయారు.

బెరిల్ ముందు అమ్మ అవనిగడ్డ నుంచి ఫోన్ చేసింది. 1977 దివిసీమ ఉప్పెన చూసిన మనిషి.

"ఒకటో నంబరేనమ్మా" అన్నాను.

"నంబరు సరేరా, మీ వీధిలోకి నీళ్లు ఎంతవరకు వస్తాయన్నారు?"

మూడు గంటలు టీవీ చూసినా ఆ సంగతి నాకు తెలియలేదు. ఇప్పుడు ముందు కౌంటీ వరద మ్యాపు తెరుస్తున్నాను. టీవీ తర్వాతే.