నోరు తెరిస్తేనే ఇంగ్లిష్

సర్కారు బడి బోర్డు మీద అక్షరాలు మారాయి. 2022-23 విద్యాసంవత్సరంలో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది. తర్వాత పై తరగతులకూ పోయింది. దంతాలపల్లి లాంటి మండలాల్లో తల్లిదండ్రులు సంబురపడ్డారు. ఫీజు కట్టలేని కూలి ఇంటి పిల్లకూ ఇంగ్లిష్ చదువు దొరుకుతుందని ఆశపడ్డారు. ఆ ఆశను మేం తప్పు పట్టం. ఒక్క ప్రశ్న మాత్రం అడుగుతున్నాం. మీడియం మారింది సరే, పిల్లల నోట్లోకి ఇంగ్లిష్ వచ్చిందా?

ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. ఇంగ్లిష్ పేరు మీద తెలంగాణ ఒకసారి దెబ్బతిన్నది. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో పాఠాలు చెప్పింది. ఇంగ్లిష్‌ను తప్పనిసరి భాషగా నేర్పింది. 1948 తర్వాత పాలన ఇంగ్లిష్ వైపు మళ్లింది. ఉర్దూలో చదివి ఉర్దూలో ఫైళ్లు రాసినవాళ్లు ఒక్కసారిగా చదువు రానివాళ్లయ్యారు. స్థానికులకు ఇంగ్లిష్ రాదనే సాకుతో బయటివాళ్లకు కొలువులిచ్చారు. 1952లో వరంగల్‌లో విద్యార్థులు రాజేసిన ముల్కీ నిప్పు హైదరాబాద్‌కు పాకి, సెప్టెంబర్‌లో పోలీసు కాల్పుల దాకా పోయింది. 1956 పెద్దమనుషుల ఒప్పందంలో పాలనలో ఉర్దూ స్థానాన్ని ఐదేళ్లు కాపాడాలని రాసుకున్నారంటే, భాషకూ కొలువుకూ ముడి ఎంత గట్టిదో తెలుస్తుంది.

2014లో రాష్ట్రం వచ్చింది. ఆ ముడి మాత్రం ఊడలేదు. గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఇంగ్లిష్ అర్హత పేపరు. అది గట్టెక్కకపోతే మిగతా మార్కులు ఎన్ని వచ్చినా లెక్కకు రావు. డిగ్రీ ఫస్ట్ క్లాసులో పాసైన పిలగాడు ఇంటర్వ్యూ గదిలో గొంతు పెగలక బయటికొస్తున్నాడు. తెలుగులో కడిగినట్టు చెప్పగలిగిన ఉద్యోగి, ఇంగ్లిష్‌లో నాలుగు లైన్ల నోట్ రాయడానికి పాత ఫైలు వెతుక్కుంటున్నాడు. వీళ్లకు తెలివి తక్కువై కాదు. మాటలు తక్కువ, వాడిన అలవాటు తక్కువ.

మరి మాటలు ఎట్లా పెరుగుతాయి? డిక్షనరీ బట్టీ పడితే పెరగవు. వందేళ్ల కింద ఢాకాలో టీచర్ల శిక్షణ కాలేజీ నడిపిన మైకేల్ వెస్ట్ ఈ సంగతి మీదనే పనిచేశాడు. బెంగాలీ పిల్లల ఇంగ్లిష్ వాచకాల్లో కొత్త మాటలు కుప్పపోసినట్టు ఉంటున్నాయని గుర్తించాడు. ఎక్కువ వాడకంలో ఉన్న మాటలు ముందు రావాలి, కొత్తవి కొన్ని కొన్నిగా రావాలి, వచ్చినవి మళ్లీ మళ్లీ ఎదురుకావాలి. ఆ పద్ధతిలోనే పుస్తకాలు రాశాడు. 1953లో సుమారు 2000 మాటల జాబితా అచ్చువేశాడు. ఆ పునాది పడితే మామూలు సంగతులు చెప్పుకోవచ్చు. ఎవరి సాయం లేకుండా పత్రిక, నవల చదవాలంటే మాత్రం ఎనిమిది, తొమ్మిది వేల మాటల కుటుంబాలు కావాలని 2006లో పాల్ నేషన్ అనే పరిశోధకుడు లెక్కగట్టాడు.

అంకె చూసి భయపడొద్దు. దంతాలపల్లి రైతు బిడ్డ ఖాళీ చేతులతో బడికి రావడం లేదు. మోటారు, స్టార్టర్, ఫ్యూజు, లో ఓల్టేజి, ట్రాక్టర్, లోడు, లోను, పాసుబుక్కు అన్నీ ఇంట్లో వింటున్నవే. స్టార్టర్ తెలిసిన పిల్లకు స్టార్ట్, స్టార్టెడ్, స్టార్టింగ్ చెప్పడం ఎంతసేపు? అదే మాటల కుటుంబం. పాసుబుక్కులో పాస్ ఉంది, బుక్ ఉంది. సర్కారు అచ్చువేసిన పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్. తెలుగు పేజీలో అర్థం తెలుసుకొని ఇంగ్లిష్ పేజీ గట్టిగా చదివితే మాట మతికుంటుంది. తెలుగు పేజీ తీసేస్తే ఇంగ్లిష్ పేజీ బొమ్మలాగే మిగులుతుంది.

తండా పిల్లల సంగతి ఇంకా బరువైంది. ఇంట్లో లంబాడీ, ఊర్లో తెలుగు, పుస్తకంలో ఇంగ్లిష్. మూడో భాష మోస్తున్న ఆ పిల్లను మొద్దు అని తీసేయడం అన్యాయం. రెండు భాషలు పట్టిన బుర్రకు మూడోది అసాధ్యమేం కాదు. ఓపిక ఉన్న టీచరు కావాలి, అంతే.

ఇక నోరు. మాటలు వచ్చినా నోరు తెరవనిది సిగ్గు. తప్పు పలికితే నవ్వుతారని భయం. మన యాసను సినిమాల్లో రౌడీకీ జోకర్‌కూ తొడిగి వెక్కిరించినప్పుడు ఎంత మండిందో మనకు తెలుసు. ఇయ్యాల మన తరగతి గదిలోనే ఒక పిల్ల 'స్కూల్'ను 'ఇస్కూల్' అంటే పకపకా నవ్వుతున్నాం. మన ఇజ్జత్ కోసం కొట్లాడినవాళ్లం, మన పిల్లల ఇజ్జత్ తీస్తామా? ముందు మాట్లాడనియ్యండి. సాఫీగా మాట్లాడడం మొదలయ్యాక పలుకుబడిని మెల్లగా దిద్దుకోవచ్చు.

సర్కారును మేం అడిగేది పెద్ద బడ్జెట్ పని కాదు. ప్రతి బడిలో రోజూ అరగంట పరీక్ష లేని మాటల పీరియడ్ పెట్టండి. బీరువాలో తాళం వేసిన చిన్న కథల పుస్తకాలు పిల్లల చేతికియ్యండి. టీచర్లకు నాలుగు రోజుల శిక్షణతో చేతులు దులుపుకోకుండా ఏడాదంతా తోడుండండి. ఇంగ్లిష్ బోధన కోసమే 1958లో పుట్టిన సంస్థ, ఇప్పటి ఇఫ్లూ, హైదరాబాద్‌లోనే ఉంది. దాని విద్య దంతాలపల్లి దాకా ఎందుకు రాకూడదు?

తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, సర్కారు కోసం ఎదురుచూడకండి. నలుగురు కలిసి రోజూ పావుగంట ఇంగ్లిష్‌లో ముచ్చట పెట్టండి. రోజుకు ఐదు మాటలు రాసుకొని, ఆ ఐదింటినీ ఆ రోజే వాడండి. ఉద్యోగ అన్నలు, అక్కలు సెలవు రోజు ఒక గంట మీ ఊరి పిల్లల కోసం కేటాయించండి. ఇంగ్లిష్ రాదని మన పిల్లలను మళ్లీ ఎవరూ గేటు బయట నిలబెట్టకూడదు.