అమ్మకానికి ఫ్లాట్: సంతకం ఎవరిది?

"ప్రశాంతమైన మారేడ్‌పల్లిలో విశాలమైన ఫ్లాట్ అమ్మబడును. మూడు పడగ్గదులు, పూజగది, తూర్పు వాకిలి. కుటుంబానికి అనుకూలం." ఇలాంటి ప్రకటన చూసినప్పుడల్లా నాకు ఒకటే సందేహం: ఆ కుటుంబంలోని స్త్రీ ఈ అమ్మకానికి ఒప్పుకుందా?

రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఈ ప్రశ్న ఎవరూ వెయ్యరు. దస్తావేజులో పేరు లేకపోతే ఆమె సంతకంతో పనిలేదు. వాయిదాలు భర్త జీతంలోంచి పోతాయి కాబట్టి ఇల్లు అతనిదేనంటారు. ఆ జీతం వాయిదాలకు మిగిలేలా చేసిన ఆమె చాకిరీ, ఇంటి ఖర్చులకు పోసిన ఆమె జీతం ఏ లెక్కలోకీ రావు.

2005 గృహహింస చట్టం ఆమెకు కాపురమున్న ఇంట్లో ఉండే హక్కునిచ్చింది. ఇల్లు అత్తమామల పేరున ఉన్నా ఈ హక్కు కోరవచ్చని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. 19వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు అమ్మకాన్ని ఆపవచ్చు కూడా. అయితే అందుకు హింస జరిగిందని ఆమె చూపాలి. పైగా ఇది నివాస హక్కే తప్ప యాజమాన్యం కాదు.

2015లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో పేదల ఇల్లు స్త్రీ పేరున గాని, భార్యాభర్తల ఉమ్మడి పేరున గాని ఉండాలని నియమం పెట్టారు. గుడిసెవాసికి న్యాయమైనది ఫ్లాటువాసికి ఎందుకు కాదు?

భార్య లిఖితపూర్వక అంగీకారం లేకుండా కాపురమున్న ఇంటిని అమ్మడం, తాకట్టు పెట్టడం చెల్లదని చట్టం రావాలి. అంతవరకూ మన కౌన్సెలింగ్ కేంద్రాలకు వచ్చే ప్రతి స్త్రీనీ అడుగుదాం: ఇంటి కాగితాలు ఎవరి పేరున ఉన్నాయి? వాటిని మీరు ఎప్పుడైనా చదివారా?