లేనిదానిని తొలగిస్తారట!

"ఎంత లోతు గీతనైనా మిషన్ పాలిషుతో తొలగించబడును" అన్న బోర్డు మా ఊళ్ళో కార్లు కడిగే దుకాణాల ముందు తరచు కనబడుతోంది. ముప్పయ్యేళ్ళకు పైగా వ్యాకరణం చెప్పి బ్రతికినవాణ్ణి గనుక ఆ వాక్యంలోని క్రియాపదం దగ్గరే నాకు పేచీ వచ్చింది. ఏదైనా తొలగించాలంటే ముందు అదొక వస్తువై ఉండాలి కదా! కాలిలో దిగిన ముల్లును తొలగించవచ్చు, పంచెకు అంటిన మరకను తొలగించవచ్చు. గీత వస్తువు కాదు. ఉండవలసిన రంగు అక్కడ లేకపోవడం. తార్కికులు దీనిని అభావమంటారు. అందులోనూ ఇది ప్రధ్వంసాభావం, అంటే ఉన్నది నశించగా మిగిలిన లేమి. నేల మీది కుండను తీసివేయవచ్చు గాని, కుండ లేకపోవడాన్ని ఏ యంత్రం పెట్టి తీస్తారు? మరొక కుండ తెచ్చి పెట్టడమొక్కటే దానికి మందు.

పండితుడి చాదస్తమని నవ్వుకోబోయేవారు కాసేపు ఓపిక పట్టాలని మనవి. ఈ తప్పుడు క్రియాపదం వల్ల నష్టపోయినవారిలో నేనొకణ్ణి. నాకంటె ఎక్కువ నష్టపోయినవాడు ఇంకొకడున్నాడు. అతని సంగతి చెప్పడానికే ఈ నాలుగు మాటలూ.

ఇప్పటి కార్ల మీద రంగు ఒక్క పొర కాదు. రేకును తుప్పు పట్టనివ్వని పూత అడుగున, దానిపైన ప్రైమరు, ఆపైన మనకు కనబడే రంగు, అన్నిటికీ మీద నీళ్ళలా పారదర్శకమైన క్లియర్ కోటు. ఇవన్నీ కలిపితే సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదోవంతు, లేదా అంతకు కాస్త ఎక్కువ. అందులో క్లియర్ కోటు వాటా 40, 50 మైక్రాన్లు. మన తలవెంట్రుక మందం తరచు అంతకంటె ఎక్కువే ఉంటుంది! కారు మెరుపంతా ఆ వెంట్రుకలో సగంలోనే ఉంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు కింది రంగును తినివేయకుండా అడ్డుకొనే ద్రవ్యాలు ఉండేదీ అందులోనే.

ఇక యంత్రం చేసే పని. గుండ్రని మెత్తకు సన్నని రాపిడి పొడి కలిసిన లేపనం పూసి, గిరగిరా తిప్పుతూ కారుకు ఆనిస్తారు. అది గీతను పూడ్చదు. గీత అడుగు ఎంత లోతున ఉందో, చుట్టూ ఉన్న పూతనంతా ఆ లోతుకు అరగదీస్తుంది. గట్లు పోతే కాలువ కనబడదు, నిజమే. కాని దానిని కాలువ పూడ్చడమని ఎవరైనా అంటారా?

మా పాఠశాలలో హాజరుపట్టీలో సిరా తప్పు పడితే కొందరు బ్లేడుతో గీకి, దానిపై దిద్దేవారు. పైకి కాగితం శుభ్రంగానే ఉండేది. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే మాత్రం అక్కడ పల్చబడి దీపం కనబడేది. తనిఖీ అధికారులకు ఆ కిటుకు తెలుసు. కారు రేకును వెలుతురుకు పట్టి చూడలేము గనుక ఈ వ్యాపారం సాగిపోతోంది.

పాత అంబాసిడర్లు, పద్మినీల మీద పారదర్శకమైన పై పొర ఉండేది కాదు. పైకి కనబడే రంగునే రుద్దేవారు. పాలిషు పట్టిన గుడ్డకు కారు రంగు అంటుకొని వచ్చేది, యజమాని కళ్ళారా చూసి "చాలించవయ్యా" అనేవాడు. ఇప్పుడు అరిగేది రంగులేని పొర. ఎంత పోయిందో గుడ్డ చెప్పదు. పాతదానిలో ఉన్న నిజాయితీ కొత్తదానిలో లేకపోవడం కార్లకే పరిమితమా అనిపిస్తుంది గాని, అది వేరే విషయం.

నా కారు నీలం రంగుది. మా గేటు గడియ తగిలి తలుపు మీద మూరెడు గీత పడింది, తలుపు అంచు దాకా. గోరు పెట్టి అడ్డంగా లాగితే గోరు తట్టుకొంటోంది. తడిగుడ్డతో తుడిచినా గీత మాయం కావడం లేదు. ఈ రెండు పరీక్షల అర్థం నాకప్పుడు తెలియదు. తడిపినప్పుడు కనబడకుండా పోతే గీత పై పొరలోనే ఉన్నట్టు. కనబడుతూనే ఉంటే, గోరు తట్టుకొంటే, చాలావరకు రంగులోకి దిగినట్టే. అక్కడ యంత్రానికి పని లేదు.

దుకాణం యజమాని "మాస్టారూ, అరగంటలో మాయమైపోద్దండి" అన్నాడు. పూత మందం కొలిచే మీటరు ఉందా అని అడగాలని నాకు తోచలేదు, వారి దగ్గర లేనూ లేదు. యంత్రం పట్టుకొన్న కుర్రవాడికి పద్దెనిమిది, పందొమ్మిదేళ్ళుంటాయి. పది నిమిషాలు రుద్ది, చేత్తో తడిమి చూసి, "సార్, ఇంక పెడితే లేచిపోద్దండి, అంచు దగ్గర పల్చగా ఉంటాది" అన్నాడు. ఆ మాట అక్షరాలా సత్యం. వేసేటప్పుడు రంగు పదును అంచుల నుంచి జారి పక్కకు పోతుంది. పైగా ఒకే ఇరుసు మీద తిరిగే యంత్రం అంచు మీద నిలిస్తే వేడి అక్కడే చేరుతుంది. యజమాని అతణ్ణి కసిరాడు. నేను ఊరుకొన్నానా? "ఇంకా కొంచెం కనబడుతోంది బాబూ" అన్నాను. ఆ వాక్యం నాది.

మరి రెండు నిమిషాలకు తలుపు అంచున చిటికెన వేలంత మేర నీలం పోయి బూడిదరంగు ప్రైమరు బయటపడింది. గీత మాత్రం దాని పక్కనే క్షేమంగా ఉంది! చివరకు తలుపుకంతటికీ రంగు వేయించవలసి వచ్చింది. ఆ పని మొదటి రోజే చేయించి ఉంటే పోయేది.

యంత్రం పనికిరానిదని నా వాదన కాదు. దుమ్ము గుడ్డతో తుడిచి తుడిచి ఏర్పడిన సాలెగూటి గీతలను తెలిసిన చేతులు రెండు, మూడు మైక్రాన్ల ఖర్చుతో పోగొట్టగలవు. తిరుగుతూ ఊగే రెండు చలనాల యంత్రమైతే ప్రమాదమూ తక్కువ. కొంచెం లోతైనదానిని పూర్తిగా తీయకుండా దాని అంచులు మాత్రం మొద్దుబారిస్తే ఎండలో తళుక్కుమనడం మానుతుంది, అక్కడితో ఆగడం విజ్ఞత. నా పేచీ "ఎంత లోతైనా" అన్న మాటతోను, గీతలో మైనమో నూనెలో నింపి డబ్బు పుచ్చుకొని పంపే చేతులతోను. నాలుగు కడుగుళ్ళకు నూనె పోతుంది, గీత మళ్ళీ పలకరిస్తుంది.

"ఎవరండీ కారు పదేళ్ళు ఉంచుకొనేది, అమ్మేసేదే కదా" అని ఒక మిత్రుడు వాదించారు. కొనేవాడు మనిషి కాడా? పల్చబడిన పూత మన ఎండలకు వెలిసి, పొలుసులుగా లేచేనాటికి బండి అతని ఇంటి ముందు ఉంటుంది.

వారం తరువాత ఆ వీధిన పోతూ కుర్రవాడి కోసం చూశాను. నా తలుపు ఖర్చులో కొంత అతని జీతంలో కోశారని తెలిసింది. నేను వారిని ఒక్క రూపాయి అడగలేదే, రంగు డబ్బు నేనే పెట్టుకొన్నానే, కోత దేనికని యజమానిని నిలదీశాను. "భయం ఉండాలి కదండీ, మీకెందుకు మాస్టారూ" అన్నాడు. వద్దన్నది అతడొక్కడేనని, రుద్దమన్నది మనమిద్దరమేనని అక్కడున్న నలుగురి ముందు చెప్పాను. కోసిన డబ్బు ఇచ్చేదాకా మళ్ళీ వస్తానని కూడా చెప్పాను. ఇప్పటికి మూడుసార్లు వెళ్ళాను.