ఎలుగుబంటి వాటా

క్రిస్మస్ ప్రేమవిందుకు మా సంఘంలో సేమ్యా పాయసం చేయడం ఆనవాయితీ. అందులో గుప్పెడు సారపప్పు పడితేనే రుచి అంటారు స్త్రీల సమాజంలోని పెద్దమ్మలు. ఆ పప్పు ఎక్కడి నుంచి వస్తుందని మేమెన్నడూ అడగలేదు. కిరాణా కొట్టు నుంచి అన్నదే మాకు తెలిసిన జవాబు. గద్వాల, వనపర్తి పల్లెల్లో పెరిగిన మనకు గింజ అంటే పల్లీయే కదా, అదీ నేలలో కాసేది! చెట్టుకు కాసే ఈ పప్పు మన పక్క అడవిలోనే ఉంది. 2016లో పాత పాలమూరు జిల్లాను విడదీసినప్పుడు ఆ అడవి నాగర్‌కర్నూలు వాటాకు వచ్చింది.

మన్ననూరు దాటి నల్లమలలోకి వెళ్తే మొర్రి చెట్లుంటాయి. ఇది మామిడి కుటుంబానికి చెందిన చెట్టు. వేసవిలో దీని చిన్న పండ్లు నల్లబడి, పులుపు కలిసిన తీపితో ఉంటాయి. లోపలి టెంకను పగలగొడితే వచ్చేదే సారపప్పు. చెంచు పెంటల్లోని కుటుంబాలు ఆ పండ్లు ఏరి, ఎండబెట్టి, పప్పు తీసి అమ్ముకుంటాయి. ఎండాకాలంలో వారి చేతికి నాలుగు రూపాయలు వచ్చే దారుల్లో ఇదొకటి. అదే పండు కోసం కొండముచ్చులు, పక్షులు, ఎలుగుబంట్లు కూడా వస్తాయి. ఎలుగుబంటి పండును టెంకతో సహా మింగుతుంది. అది విసర్జించిన చోట ఆ టెంకలు మొలకెత్తుతాయి. ఈ లెక్కన అడవిలో మొర్రి తోట వేసే రైతుల్లో అదీ ఒకటి.

నిర్గమకాండం 23వ అధ్యాయంలో ఒక ఆజ్ఞ ఉంది. ఆరేళ్లు సాగుచేసిన భూమిని ఏడో ఏట బీడు విడవాలి. దానిలో పండింది బీదలు తినాలి, వారు తినగా మిగిలింది అడవి మృగాలు తినాలి. ద్రాక్షతోటకూ, ఒలీవ తోటకూ ఇదే నియమం (23:10, 11). మేము సెమినరీలో చదివే రోజుల్లో ఈ వచనాన్ని విశ్రాంతి సంవత్సరం కిందే చదువుకున్నాము, బీదల గురించి ప్రసంగాలూ చేశాము. మృగాల మాట వచ్చేసరికి తొందరగా పేజీ తిప్పేశాము. కానీ మోషే ధర్మశాస్త్రంలో మృగం తినేది మన ఎంగిలి కాదు, దేవుడు దానికి రాసిచ్చిన వాటా.

అమ్రాబాద్‌లో మొర్రి చెట్టు కింద నిలబడితే ఆ వచనంలోని ఇద్దరూ కనిపిస్తారు. బీదవాడైన చెంచు ఉన్నాడు, అతని వెనుక ఎలుగుబంటి ఉంది. మరి మనమెక్కడ? మనం ఇద్దరిలో ఎవరమూ కాదు. పాయసం తినేవాళ్లం.

సారపప్పుకు ధర ఎక్కువ. అందుకే పోటీపడి పండకముందే కాయలు దూసేయడం, చేతికందకపోతే కొమ్మనే నరకడం జరుగుతోంది. పచ్చికాయలోని గింజ సరిగా ముదరదు, మొలవదు. కొమ్మ పోయిన చెట్టు మరుసటి ఏడు ఏం కాస్తుంది? అలా కొమ్మలు పోయి నిలబడిన ఒక చెట్టును మేము చూశాము. నరికినవాణ్ణి తప్పుపట్టడానికి మాకు నోరు రాలేదు, ఎందుకంటే ఆ గొడ్డలికి కూలి ఇచ్చినవారిలో మేమూ ఉన్నాము. యుద్ధంలో పట్టణాన్ని ముట్టడించినప్పుడు సైతం ఫలమిచ్చే చెట్టుమీద గొడ్డలి వేయవద్దన్నది ద్వితీయోపదేశకాండం (20:19). ముట్టడి లేని కాలంలో, పాయసం కోసం వేయవచ్చా?

మన చర్చి కాంపౌండ్లు చూడండి. వరుసగా అశోక చెట్లు, ఈమధ్య కోనోకార్పస్. చూపుకు పచ్చగా ఉంటాయి, కోనోకార్పస్‌లో పిట్టకు మాత్రం పిడికెడు తిండి ఉండదు. వనపర్తి ఎర్ర చెల్కల్లో, రాళ్ల నేలల్లో మొర్రి బతుకుతుంది. గద్వాల వైపు నీళ్లు నిలిచే నల్లరేగడిలో మాత్రం పెట్టకండి. అడవిలో దూరి గింజలు తేవద్దు. అది పులుల అభయారణ్యం. పైగా అటవీ ఫలసాయం సేకరించి అమ్ముకునే హక్కును 2006 చట్టం చెంచులకు గుర్తించింది. బాగా పండిన పండ్లను వారి దగ్గరే న్యాయమైన ధరకు కొనండి. గుజ్జు కడిగి ఆ వేసవిలోనే విత్తాలి. నూనెగింజ కనుక నిల్వ ఉంటే మొలకశక్తి పోతుంది. పప్పుకు దెబ్బ తగలకుండా టెంకను కాస్త చిట్లిస్తే తొందరగా మొలుస్తుంది. తల్లివేరు లోతుకు దిగుతుంది కాబట్టి పొడవాటి సంచులే వాడాలి. వానలు పడ్డాక నాటి, మేకల నుంచి కాపాడాలి. కాపుకు ఏళ్లు పడుతుంది. మా వయసుకు ఆ పాయసం అందుతుందో లేదో!

మేము మొదటిసారి విత్తినవి చాలామట్టుకు మొలవలేదు, పాత గింజలు కావడం వల్ల. బతికిన కొన్ని మొక్కలు పాస్టర్ ఇంటి వెనుక సంచుల్లో ఉన్నాయి. వానలు రాగానే సమాధుల తోట గోడ వెంబడి వాటిని నాటాలని సంఘ పెద్దలు తీర్మానించారు. గుంతలు తీసే పని యౌవనస్థులది. కాసినప్పుడు పై కొమ్మల పండ్లు ఎవరూ కోయకూడదని ఒక పెద్దమ్మ తీర్మానంలో రాయించింది.