తర్వాతి చేయి



వేసవి ముదిరి సుంకేసులలో నీటిమట్టం తగ్గిందంటే కర్నూలులో ప్రతి ఇల్లూ కుళాయి వైపే చూస్తుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక సోదరి నన్ను ఇలా అడిగారు: "హజ్రత్, తాగడానికే నీళ్ళు కరువైన వేళ పాల ప్యాకెట్లనూ, పెరుగు డబ్బాలనూ కడిగి పొడి చెత్తలో వేయమంటున్నారు. ఇది దుబారా కాదా?"

ప్రశ్న సమంజసమైనది. ఒకప్పుడు నేను దీనికి తప్పు సమాధానం ఇచ్చాను. అందుకే ఆ సంగతి దాచకుండా చెబుతున్నాను.

గత ఏడాది మా మదరసా వంటశాలలో విద్యార్థులు ధారగా పారే కుళాయి కింద పాల ప్యాకెట్లు కడుగుతున్నారు. కింద ఒక బకెట్టు పెట్టించాను. ఇరవై ప్యాకెట్లు పూర్తయ్యేసరికి అది నిండి పొర్లింది. దైవప్రవక్త (స) ఒక 'ముద్' నీటితో వుజూ చేసేవారనీ, ఒక 'సా' మొదలు ఐదు ముద్‌ల వరకు నీటితో గుస్ల్ చేసేవారనీ సహీహ్ బుఖారీలో నమోదై ఉంది. ముద్ అంటే రెండు చేతులు కలిపి పట్టే దోసెడు. సా అంటే అలాంటివి నాలుగు. ఆరాధన కోసమే అంత పొదుపు పాటించగా, చెత్త కోసం బకెట్టెడు నీళ్ళా అనిపించింది. ఇకపై ఏదీ కడగవద్దని ఆదేశించాను. గొప్ప పొదుపు చేశానని సంతృప్తి కూడా చెందాను.

పదిహేను రోజులు గడిచాక, మా వీధిలో చెత్త వేరుచేసే పెద్దావిడ గుమ్మం వద్ద నిలబడింది. "సామీ, మీ సంచి విప్పితే కడుపులో తిప్పుతాది. పురుగులు పట్టింటాయి. చేత్తో తీసేది మేమే గదా" అన్నది. ఆ మాటలో కోపం లేదు. అందువల్లనే నాకు మరింత సిగ్గు కలిగింది.

నీటిని కాపాడబోయి ఒక మనిషి హక్కును కాలరాశాను. తోటివారి హక్కుకు భంగం కలిగితే కేవలం తౌబా సరిపోదనీ, ఆ వ్యక్తి కూడా క్షమించాలనీ ఏళ్ళ తరబడి పాఠం చెప్పినవాణ్ణి నేనే. ఆమెను క్షమాపణ కోరాను. 

ఆనాటి నుండి మా వంటశాలలో వేరే పద్ధతి నడుస్తున్నది. పాల ప్యాకెట్టులో రెండు చెంచాల నీళ్ళు పోసి, ఆడించి, ఆ నీటిని పాలలోనే కలుపుతాము. ప్యాకెట్టు మూల కత్తిరించేటప్పుడు ఆ చిన్న ముక్కను పూర్తిగా వేరు చేయము. విడిపోతే అది ఎవరి చేతికీ చిక్కదు. నూనె ప్యాకెట్టును డబ్బాపై బోర్లించి చివరి చుక్క వరకు కారనిచ్చి, లోపలి జిడ్డును రొట్టెల పిండితో తుడుస్తాము. పెరుగు డబ్బాలో బియ్యం కడిగిన నీళ్ళు కొద్దిగా పోసి, మూత బిగించి ఊపుతాము. అదే నీటిని రెండో డబ్బాలోకి, అక్కడి నుండి మూడో డబ్బాలోకి వంపుతాము. చివరకు అది మొక్క మొదలుకు చేరుతుంది. కుళాయి తిప్పవలసిన పనే లేదు. అన్నింటినీ ఆరబెట్టిన తర్వాతే సంచిలో వేస్తాము. తడి తగిలితే పక్కనున్న కాగితం, అట్టపెట్టె కూడా పాడై వాటికి ధర రాదు.

సోదరీమణులారా! ఆ డబ్బాలో మనం మళ్ళీ భోంచేయబోవడం లేదు. కనుక తళతళలాడేలా తోమనవసరం లేదు. కర్మాగారంలో ప్లాస్టిక్కును ముక్కలు చేసి మళ్ళీ కడుగుతారు. దుర్వాసన రాకుండా, పురుగు పట్టకుండా ఉంటే చాలు. ఎంత కడగాలి అన్న ప్రశ్నకు నాకు తెలిసిన కొలత ఒక్కటే: దీన్ని తర్వాత పట్టుకునే చేయి అసహ్యించుకోకూడదు.

ఆ పెద్దావిడ ఇప్పుడు మా సంచిని గుమ్మం వద్దనే విప్పి చూసుకుంటుంది.

నీటి విషయంలోనూ, మనుషుల విషయంలోనూ న్యాయంగా మసలుకునే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.