పరిగె కాదు, తూటా

కోత అయిన పొలంలో రాలిన కంకులు ఏరుకోవడాన్ని మన పల్లెల్లో పరిగె అంటారు. తుపాకులు పేల్చిన నేలమీద రాలిన ఇత్తడిని ఏరుకోవడానికి మన భాషలో పేరు లేదు. పేరు లేకపోయినా ఆ పని ఉంది. పరిగె ఏరే చేతులే ఆ పనీ చేస్తాయి. ఈసారి దాని గురించి మాట్లాడాలని అనుకున్నాం.

తిరువళ్ళూరు, తిరుత్తణి చుట్టుపక్కల ఉండే మన పాఠకులకు ఇది దూరపు సంగతి కాదు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతం చిత్తూరు జిల్లా నుంచి అప్పటి మద్రాసు రాష్ట్రానికి మారింది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం అన్న బతుకు అక్కడ చాలామందిది. అదే తిరువళ్ళూరు జిల్లాలోని ఆవడిలో 1961లో భారీ వాహనాల కర్మాగారం వెలసింది. కేంద్ర, రాష్ట్ర పోలీసు బలగాల శిబిరాలూ అక్కడ ఉన్నాయి. తుపాకి శిక్షణ ఉన్న ప్రాంతంలో ఖాళీ తూటా కేసులుంటాయి. పాత ఇనుము కొట్లున్న ప్రాంతంలో వాటిని కొనేవారూ ఉంటారు. ఫలానా చోట తప్పు జరిగిందని మేము వేలెత్తి చూపడం లేదు. జరగక ముందే మాట్లాడుకోవాలి అంటున్నాం.

షూటింగ్ రేంజ్‌లో ఖాళీ కేసులు ఏరడానికి ఒక మర్యాద ఉంది. తుపాకి పేలగానే కేసు ఎగిరి పక్కవాళ్ల కాళ్ల దగ్గర పడుతుంది. ఎవరివి వారే ఏరుకోవాలి. పక్కవారివి కావాలంటే అడిగి తీసుకోవాలి. అప్పుడే పడినది చెయ్యి కాలుస్తుంది కాబట్టి ఆరేదాకా ఆగాలి. కాల్పులు ఆగాయని అధికారి ప్రకటించేవరకు, ఎన్ని కేసులు పడి ఉన్నా, ఎవరూ గీత దాటి ముందుకు వెళ్లకూడదు. అందరూ తుపాకులు ఖాళీ చేసి కింద పెట్టాకే వంగాలి. అమెరికా వంటి దేశాల్లో చాలామంది కేసుల్లో మళ్లీ మందు నింపి వాడుకుంటారు. అందుకే అక్కడ ఇత్తడికి అంత విలువ, దాని చుట్టూ అంత మర్యాద. చిన్న .22 కేసుల్ని మాత్రం అలా నింపడానికి వీలుండదు. అవి పాత ఇత్తడి కిందే పోతాయి.

మన దేశంలో పోలీసు, సైనిక రేంజ్‌లలో ఇది మర్యాదతో ఆగదు. అక్కడ లెక్క ఉంటుంది. ఎన్ని తూటాలు ఇచ్చారు, ఎన్ని పేలాయి, ఎన్ని ఖాళీ కేసులు తిరిగి వచ్చాయి అన్నది పుస్తకంలో రాస్తారు. తగ్గితే జవాబు చెప్పాలి. సిపాయిలు వరుసగా వంగి గడ్డిలో వెతికి, లెక్క సరిచూసుకుని వెళ్తారు.

కంచె లోపల ఇంత జాగ్రత్త ఉంది. కంచె బయటికి వచ్చేసరికి ఈ మర్యాద ఏమవుతోందన్నదే మా ప్రశ్న.

మామూలు 5.56 మిల్లీమీటర్ల రైఫిల్ కేసు బరువు సుమారు 6 గ్రాములు. కిలో ఇత్తడి కావాలంటే 160కి పైగా కేసులు ఏరాలి. 9 మిల్లీమీటర్ల పిస్తోలు కేసులైతే దాదాపు 250 కావాలి. ఎండలో నడుము వంచి అన్ని ఏరేది ఎవరు? తీరిక ఉన్నవాళ్లు కారు. ఇనుముకు ఇచ్చే ధరకు ఎన్నో రెట్లు ఇత్తడికి ఇస్తారు కాబట్టి, ఆ రోజు బియ్యం కోసం వంగేవాళ్లు. మేకల వెంట వెళ్లే పిల్లలు, పుల్లలకు వెళ్లే ఆడవాళ్లు, సంచి భుజాన వేసుకుని ఊళ్లు తిరిగేవాళ్లు. తమిళనాడులో పారిశుద్ధ్య పనిలో ఉన్న అరుంధతీయుల్లో చాలామంది ఇంటి భాష తెలుగే. తిరువళ్ళూరు జిల్లాలో ఇటుక బట్టీల్లోనూ బియ్యం మిల్లుల్లోనూ వెట్టిలో చిక్కుకుని విడుదలైన ఇరుళర్ కుటుంబాలు ఎన్నో. పారేసినదాన్ని ఏరుకోక తప్పని బతుకు ఇలాంటివాళ్లదే.

వాళ్లు ఏరేది నిజంగా ఖాళీదేనా అన్నది ప్రాణాలతో ముడిపడిన సంగతి. పేలిన కేసు నోరు తెరుచుకుని ఉంటుంది. అడుగున సుత్తి తగిలిన గుంట కనిపిస్తుంది. కాని గుంట పడినంత మాత్రాన పేలినట్టు కాదు. దెబ్బ తగిలీ పేలని తూటాలుంటాయి. వాటిలో మందు అలాగే ఉంటుంది. కవాతులకూ సాధనకూ వాడే ఉత్తుత్తి తూటాకు ముందు గుండు ఉండదు, మూతి నొక్కి ఉంటుంది. తెలియనివాడి కంటికి అదీ ఖాళీదే. దాన్ని కొట్లో సుత్తితో కొట్టినా, కరిగించే మూసలో వేసినా ఏమవుతుందో చెప్పనక్కర లేదు. ఇవి చిన్న తూటాల సంగతులు. ఫిరంగి గుళ్లు, మోర్టార్లు పేల్చే మైదానాల్లో పేలకుండా మట్టిలో దిగినది ఏళ్ల తరబడి కాచుకుని ఉంటుంది.

ఇవి ఊహలు కావు. కశ్మీర్‌లోని తోసా మైదాన్ పచ్చిక బయలు 1964 నుంచి 2014 వరకు ఫిరంగి సాధనకు వాడారు. పశువులు మేపేవాళ్లు, పుల్లలేరేవాళ్లు, ఇనుము ముక్కలు పోగుచేసుకునేవాళ్లు అక్కడ చనిపోయారు. చుట్టుపక్కల గ్రామాలవాళ్లు చెప్పే లెక్క అరవైకి పైనే. కాళ్లు చేతులు పోయినవాళ్లూ ఉన్నారు. సైన్యం ఖాళీ చేసేటప్పుడు పేలని గుళ్ల కోసం ఆ నేలంతా వెతకవలసి వచ్చింది.

2004 సెప్టెంబరు 30న ఢిల్లీ పక్కన సాహిబాబాద్‌లోని ఒక ఉక్కు కర్మాగారంలో, విదేశాల నుంచి వచ్చిన తుక్కులో ఉన్న గుళ్లు పేలి 10 మంది కార్మికులు చనిపోయారు. తుక్కును ఓడ ఎక్కించక ముందే తనిఖీ చేయాలన్న నియమాలు ఆ తర్వాత గట్టిపడ్డాయి. ఎక్కడో యుద్ధభూమిలో ఎవరూ ఏరి వేరుచేయని గుండు ఇంకెక్కడో దినకూలి మనిషిని చంపింది. మన గుమ్మిడిపూండి పారిశ్రామికవాడలోనూ ఇనుము కరిగించే కొలుములున్నాయి. వాటి ముందు నిలబడేవాళ్లూ దినకూలీలే.

తమిళనాడులోనే 2021 డిసెంబరు 30న పుదుక్కోట జిల్లా నార్తామలై దగ్గర, భద్రతా దళాలు సాధన చేస్తున్న రేంజ్ నుంచి దారి తప్పిన తూటా తాతగారింట్లో ఉన్న 11 ఏళ్ల పిల్లవాడి తలకు తగిలింది. 2022 జనవరి 3న అతను చనిపోయాడు. అతను కేసులు ఏరడానికి వెళ్లలేదు, ఇంటిపట్టునే ఉన్నాడు. ఇంట్లో ఉన్న బిడ్డకే అలా జరిగితే, రేంజ్ అంచున వంగి ఏరే బిడ్డ మాటేమిటి?

వెంటనే చంపని ప్రమాదం కూడా ఒకటుంది. తూటా అడుగున నిప్పు రాజేసే మందులో చాలావరకు సీసం ఉంటుంది. పేలిన కేసుకు ఆ మసి అంటుకుని ఉంటుంది. ఏరిన చేతులతో అన్నం తిన్నా, ఆ సంచిని పిల్లలు పడుకునే చోట పెట్టినా సీసం ఒంట్లోకి చేరుతుంది. ఎదిగే పిల్లల మెదడుకు అది చేసే చెరుపు తిరిగి బాగుపడదు. క్రీడాకారులకు చేతులు కడుక్కోమనీ, బట్టలు వేరుగా ఉతుక్కోమనీ చెబుతారు. సంచి మోసే తల్లికి ఆ మాట ఎవరు చెప్పారు?

చట్టం ఏమంటుందో కూడా తెలిసి ఉండాలి. 1959 ఆయుధాల చట్టంలోని 45వ సెక్షను, మళ్లీ తూటాగా వాడే ఉద్దేశం లేని చిన్నచిన్న విడిభాగాలు దగ్గర ఉండడాన్ని నేరం నుంచి మినహాయించింది. పేలని తూటా సంగతి వేరు. లైసెన్సు లేకుండా అది దగ్గర ఉంటే కేసు పెట్టవచ్చు, జైలుకు పంపవచ్చు. తెలిసి దగ్గర పెట్టుకున్నాడా లేదా అని కోర్టులు చూస్తాయి, నిజమే. అయితే ఆ మాట కోర్టు దాకా వెళ్లి చెప్పుకోగలిగేది ఎవరు? సంచిలో పొరపాటున ఒక్క తూటా దొరికిన పేదవాడికి వకీలు దొరికేలోపు ఎన్ని రాత్రులు గడుస్తాయో మన పాఠకులకు మేము చెప్పాలా?

ఇక్కడ ఒక అభ్యంతరం వినిపిస్తుంది. పాపం, పేదవాళ్లు నాలుగు రూపాయలు చేసుకుంటున్నారు, ఎందుకు ఆపడం, చూసీచూడనట్టు పోనివ్వండి అంటారు. దయలాగే వినిపిస్తుంది ఈ మాట. మన వాళ్లలో కొందరు రూతు కథ కూడా గుర్తు చేస్తారు. ఆ కథ తెలిసినవాళ్లు ఇంకొంచెం జాగ్రత్తగా చూడాలి. పొలం అంచుల్ని పేదలకూ పరదేశులకూ విడిచిపెట్టమన్న ఆ పాత ధర్మం విడవమన్నది ధాన్యాన్ని. బోయజు తన పనివాళ్లతో ముందే మాట్లాడాడు, ఆమె జోలికి పోవద్దన్నాడు, దాహమైతే తాగడానికి నీళ్లు చూపించాడు. ఏరుకునే మనిషి క్షేమం భూస్వామి బాధ్యత అయింది. అందుకే అది పరిగె. ప్రమాదాన్ని నేలమీద వదిలి, ఏరుకునేవాడి ఆకలికి దాన్ని అప్పగించి, దయ అని పేరు పెడితే అది పరిగె కాదు.

కాబట్టి ఈ మర్యాద తుపాకి పట్టినవాడి దగ్గర మొదలు కావాలి. పేల్చినవాళ్లే నేల శుభ్రం చేసి వెళ్లాలి. ఖాళీ కేసుల లెక్కతోపాటు పేలని వాటి లెక్కా తేలేదాకా ఆ రోజు పని ముగిసినట్టు కాదు. సాధన ఉన్న రోజుల్ని చుట్టుపక్కల ఊళ్లకు ముందుగా దండోరా వేసి చెప్పాలి. బోర్డులు తమిళంలోనూ తెలుగులోనూ ఉండాలి, చదువు రానివాళ్లకు బొమ్మ ఉండాలి. సైన్యం మైదానాల్లో ఫిరంగి సాధనకు 1938 నుంచే ప్రత్యేక చట్టం ఉంది. ముందస్తు ప్రకటన గురించీ, నష్టపరిహారం గురించీ అందులో ఉంది. అది కాగితం మీదే మిగలకూడదు. ఏరడానికి మనుషులు కావలసి వస్తే ఊరివాళ్లనే కూలికి పెట్టుకోవచ్చు. చేతులకు తొడుగులు, నేర్పించే మనిషి, న్యాయమైన కూలి, పని అయ్యాక సబ్బు, నీళ్లు ఇచ్చి పెట్టుకోవాలి. చెత్త ఏరేవాళ్లను గుర్తించి పనిలో కలుపుకోవాలని 2016 ఘన వ్యర్థాల నియమాలు స్థానిక సంస్థలకు చెప్పాయి. ఆ గౌరవం వీళ్లకూ దక్కాలి.

పాత ఇనుము కొట్టు యజమానులకు ఒక మాట. పిల్లలు తెచ్చిన తూటా ఇత్తడి కొనకండి. మీరు కొనకపోతే వాళ్లు వెళ్లరు. మూతి మూసి ఉన్నది, ముందు గుండు ఉన్నది కనిపిస్తే సుత్తి దించండి, పోలీసులకు చెప్పండి. పోలీసులకూ ఒక విన్నపం. అలా చెప్పడానికి వచ్చినవాడిని ముద్దాయిని చేయకండి. ఒక్కసారి అలా జరిగితే ఆ ఊళ్లో ఇంకెవరూ నోరు విప్పరు, తూటాలు సంచుల్లోనే తిరుగుతాయి.

ఇక ఏరుకునే అక్కలకూ అన్నలకూ. ఎర్రజెండా ఎగురుతుంటే ఆ వైపు వెళ్లకండి. బరువుగా ఉన్నది, మూతి మూసి ఉన్నది, సగం మట్టిలో దిగి ఉన్నది ముట్టకండి. ఆ చోట గుర్తు పెట్టి పెద్దవాళ్లకు చెప్పండి. దేన్నీ కొట్టకండి, కాల్చకండి. చేతులు కడుక్కున్నాకే బిడ్డను ఎత్తుకోండి.

మన సంఘాలవాళ్లు చేయగలిగిన పని కూడా ఉంది. మీ ఊరికి దగ్గర్లో కాల్పుల సాధన జరిగే చోటు ఉంటే, అక్కడ బోర్డు ఉందా, కంచె ఉందా, సాధన రోజులు ఊరికి తెలుస్తున్నాయా అని చూసి రండి. లేకపోతే సోమవారం కలెక్టరు కార్యాలయంలో జరిగే అర్జీల రోజున ఒక అర్జీ ఇవ్వండి. ఒక్కరే వెళ్లకండి, ఆ ఊరివాళ్లతో కలిసి వెళ్లండి. అర్జీ నకలు మీద రసీదు ముద్ర వేయించుకోండి. నెల తర్వాత మళ్లీ వెళ్లి, ఏం చేశారని అడగండి.

కంచె లోపల ఒక్క కేసు తగ్గితే వరుస కట్టి వెతుకుతున్నారు. కంచె బయట ఒక మనిషి తగ్గితే లెక్క ఏ పుస్తకంలో రాస్తున్నారు? ఆ పుస్తకం తెరిపించేదాకా అడుగుతూనే ఉందాం.